రెండు కొలతల విద్యుత్తు

జపానుదేశమునకు శాసనసభ యొక్కటే, నాణెమొక్కటే. విద్యుత్తుమాత్రము రెండు. ఫూజీ నదికి తూర్పున, టోక్యో మొదలుకొని ఉత్తరమున హొక్కయిడో ద్వీపమువఱకు, గృహములకు వచ్చు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు గలది. ఆ నదికి పడమట, నగోయా, క్యోటో, ఒసాకా మొదలుకొని క్యూషూవఱకు, అది 60 ఆవృత్తులు గలది. ఈ సరిహద్దు దేశమధ్యముగుండ పోయి ఉత్తరతీరమున ఇతోయిగావా పట్టణముకడ సముద్రమును జేరును. దీనిని ఏ రాజును గీయలేదు; ఏ సంధిపత్రమునందును ఇది వ్రాయబడలేదు. ఇరువురు వర్తకులు తమ సరకు నమ్ముకొనిన చోట్లనుబట్టి ఏర్పడిన సరిహద్దిది. నూటముప్పది సంవత్సరములు గడచినను చెఱగలేదు.

ఈ సంగతి ఇంజనీర్లకు విడువదగినదని కొందఱు మిత్రులు నాతో ననిరి. నేనట్లు తలంపను. తీగలు వేయుట యింజనీరు పని. ఏ కొలతతో వేయవలెనో నిర్ణయించుట ప్రజల పని. ఆ నిర్ణయమును ప్రజలు చేయనిచో ఎవరో ఒకరు చేసిపోవుదురు. అందుచేతనే ఈ విషయమును చదువరుల యెదుట నుంచుచున్నాను.

విద్యుత్తు తీగలో కాలువనీటివలె ఒకే దిక్కునకు పారునని పలువురు తలంతురు. మన యిండ్లకు వచ్చునది అట్టిది కాదు. అది సాలెవాని నాడెవలె ముందునకు పోయి వెనుకకు వచ్చుచుండును. సెకనులో ఎన్ని మారులు పోయి వచ్చునో ఆ సంఖ్యకే పౌనఃపున్యమని పేరు. దీపమునకు ఈ సంఖ్యతో అంతగా పనిలేదు. 50 అయినను 60 అయినను వెలుగును. మోటారునకట్లు కాదు, ఈ సంఖ్యనుబట్టియే అది తిరుగును. 60 ఆవృత్తులకు చేసిన పాతకాలపు విద్యుద్గడియారమును 50 ఆవృత్తుల యూరికి గొనిపోయినచో, గంటకు ఏబది నిమిషములే నడచును. 60కి చేసిన ట్రాన్స్‌ఫార్మరును అదే వోల్టేజితో 50కి తగిలించిన, దాని యినుపగుండె మితిమీఱి వేడెక్కును. అన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు. రెండు విద్యుజ్జాలములను తీగతో సరాసరి కలుపవలెనన్నచో, రెండింటి నాడెలును ఒకే అడుగున నడువవలెను. ఒకటి 50, మఱొకటి 60 అయినప్పుడు ఆ ముడి పడదు. బలవంతముగా వేసినచో యంత్రములు చెడును.

జపానునకు ఈ తంటా ఎట్లు వచ్చినది? 1895 ప్రాంతమున టోక్యోలోని విద్యుద్దీపముల కంపెనీ జర్మనీదేశపు ఏ.ఇ.జి. వారి యంత్రములను దెప్పించుకొనెను. అవి 50 ఆవృత్తులవి. ఇంచుమించు అదే కాలమున ఒసాకా కంపెనీ అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ వారి యంత్రములను గొనెను. అవి 60 ఆవృత్తులవి. ఆనాడు రెండు నగరములకు నడుమ విద్యుత్తీగ లేదు. దీపములు వెలిగిన చాలునని ఎవరికివారు కొనిరి. ఏ బేరమునకు ఆ బేరము న్యాయమైనదే. పరదేశమునుండి యంత్రము కొనుటలో తప్పులేదు, చేయ నేర్చువఱకు కొనకతప్పదు. యంత్రముతోబాటు కొలతను గూడ అమ్మువాని యిష్టమునకు విడిచిపెట్టుటయే లోపము. కొనువారెవరును ఆ సంఖ్యను తమ క్రయపత్రములో ముఖ్యమైన షరతుగా నెంచలేదు. పత్రము నశించినను షరతు నిలిచినది.

ఇట్లు విడిపోయిన విద్యుత్తులను కలుపుటకు మనుష్యుడు కనిపెట్టిన యుపాయములలో మొదటిది తిరుగుడు యంత్రము. ఒక ఇరుసునకు ఒక ప్రక్క మోటారును, రెండవ ప్రక్క జనరేటరును బిగింతురు. మోటారునకు 10 అయస్కాంత ధ్రువములు, జనరేటరునకు 12. ఆ యిరుసు సెకనునకు సరిగా పది చుట్లు తిరిగిన, మోటారు 50 ఆవృత్తుల విద్యుత్తును భుజించును, జనరేటరు 60 ఆవృత్తుల విద్యుత్తును పుట్టించును. నడుమ నున్నది వట్టి ఉక్కు యిరుసు. ఇంతకంటె తేటయైన యుపాయము లేదు. ఐనను యంత్రము మిక్కిలి బరువైనది, అరుగుదల కలది, రెండుమారులు మార్పు జరుగుటచే కొంత శక్తి వేడిగా పోవును. ఇది పాతబడి మూలబడినదని యనుకొనరాదు. 1964లో తెఱచిన టోక్యో-ఒసాకా షింకన్‌సెన్ రైలుమార్గము మొదటినుండి తుదివఱకు 60 ఆవృత్తులతోనే నడచును. ఫూజీ నదికి తూర్పున దొరకునది 50 గనుక, రైల్వేవారు దానిని గొని గొప్ప తిరుగుడు యంత్రములతో 60గా మార్చి తీగలకెక్కించిరి. తరువాత నిలుకడ యంత్రములను గూడ చేర్చిరి. హొకురికు మార్గమున వేఱొక పద్ధతి నవలంబించిరి. అచ్చట తీగలను మార్చలేదు. రైలునే రెండు విద్యుత్తులకును ఓర్చునట్లు నిర్మించిరి. టెన్‌ర్యూ నదిమీద 1956లో పూర్తియైన సకుమా జలవిద్యుత్కేంద్రమున నైతే, కోరినప్పుడు 50గను కోరినప్పుడు 60గను పుట్టింపగల యంత్రములనే నిలిపిరి. ఒక్క సంఖ్య కుదరకపోవుటచే ఎన్ని విధముల నేర్పు వెచ్చింపవలసివచ్చెనో చూడుడు!

రెండవ యుపాయమున తిరుగునది యేదియు లేదు. వచ్చిన విద్యుత్తును ముందుగా ఏకముఖ ప్రవాహముగా మార్తురు. ఏకముఖ ప్రవాహమునకు ఆవృత్తియే లేదు. సంఖ్యయే లేనిచోట సంఖ్యలకు తగవేమున్నది? పిదప ఆ ప్రవాహమును కోరిన వేగమున తునుకలుచేసి, ముందువెనుకలుగా త్రిప్పి, రెండవ జాలమునకు తగిన విద్యుత్తును నిర్మింతురు. నేడు మన యిండ్లలోని ఇన్వర్టర్ ఏసీ యంత్రము తన మోటారు వేగమును హెచ్చించి తగ్గించుకొనుటయు ఇట్లే. దేశముల జాలములను కలుపునంత పెద్ద ప్రమాణమున దీనిని మొట్టమొదట 1965లో సకుమాలోనే నెలకొల్పిరి. స్వీడనుదేశపు ఆసియా కంపెనీవారి పాదరసపు వాల్వులు అందు వాడబడినవి. దాని శక్తి 300 మెగావాట్లు. 1977లో షిన్‌షినానో కేంద్రమున పాదరసమునకు మారుగా థైరిస్టరు అను ఘనపదార్థపు ద్వారములు వచ్చినవి. 1993లో సకుమాలోని పాదరసపు వాల్వులు గూడ తొలగి థైరిస్టర్లకు చోటిచ్చినవి. ఈ కేంద్రములలో పోవు నష్టము నూటికి ఒకటి రెండు పాళ్ళకు మించదు. ఒక్క లోపముమాత్రము చెప్పవలెను. థైరిస్టరు ద్వారమును తెఱచుట మన వశము. మూయుట మన వశము కాదు, దానికి ఆవలి జాలపు ఒత్తిడి తోడుకావలెను. కావున పూర్తిగా చచ్చిన జాలమును అది తనంత బ్రదికింపలేదు. తెఱచుటయు మూయుటయు రెండును మన వశమందే యుండు ట్రాన్సిస్టరు జాతి ద్వారములు వచ్చిన పిదపనే ఆ కొఱత తీఱినది.

మా న్యాయస్థానములలో సాక్షి ఒరియావాడైనప్పుడు దుబాసీని పిలిపింతుము. దుబాసీ యెంత నేర్పరియైనను ఒక్కసారికి ఒక్క సాక్షిమాటనే అందింపగలడు. వెలుపల నూరుగురు సాక్షులు వేచియున్నను వాని నోరు ఒక్కటే గదా! పౌనఃపున్యమును మార్చు కేంద్రములన్నియు ఇట్టి దుబాసీలే. వారి పనితనమును నేను తక్కువచేయను. దుబాసీ యున్నాడు గదా యని వ్యవహారమంతయు రెండు భాషలలో పెంచుకొనిపోయినవాని వివేకమునే ప్రశ్నించుచున్నాను.

ఆ ప్రశ్నకు 2011 మార్చి 11వ తేదీన సమాధానము వచ్చినది. భూకంపమును సముద్రపు ఉప్పెనయు తూర్పుజపానును ముంచినవి. ఫుకుషిమా అణుకేంద్రమేకాక, తీరము వెంబడి బొగ్గుతోను చమురుతోను గ్యాసుతోను నడచు కేంద్రములనేకములు ఆగిపోయినవి. టోక్యో ప్రాంతమునకు విద్యుత్తునిచ్చు సంస్థ సుమారు 20,000 మెగావాట్ల శక్తిని కోల్పోయెను. పడమటి కేంద్రములు చెక్కుచెదరక నిలిచియున్నవి. వానినుండి తూర్పునకు రాగలిగినదెంత? మూడు కేంద్రములును కలిసి సుమారు 1,000 మెగావాట్లు. ఇరువదింట నొక్కటి! పడమట మిగులు లేక కాదు. ఎంత మిగిలినను దాటివచ్చుటకు వాకిలి లేదు. మార్చి 14వ తేదీనుండి టోక్యో చుట్టుపట్టుల వంతులవారీగా విద్యుత్తు నాపవలసివచ్చెను. చలి యింకను పోలేదు. రైళ్ళు తగ్గినవి, వీధులలో సంకేతదీపములు ఆరినవి. ఆ వేసవిలో ప్రభుత్వమువారు విద్యుద్వ్యాపార చట్టము క్రింద ఆజ్ఞ జారీచేసి, పెద్ద వాడుకదార్లు తమ వాడకమును నూటికి పదునైదు పాళ్ళు తగ్గింపవలెనని నిర్బంధించిరి. 1895 ప్రాంతమున ఇరువురు కొనుగోలుదార్లు క్రయపత్రములో విడిచిన పంక్తిని, 2011లో ప్రభుత్వము శాసనాజ్ఞతో పూరింపవలసివచ్చెను.

ఆ తరువాత ద్వారములు పెరిగినవి. 2013లో మొత్తము 1,200 మెగావాట్లాయెను. 2021 మార్చిలో హిదా-షినానో మార్గము పూర్తియై మఱి 900 మెగావాట్లు చేరినవి. అచ్చట మార్పు చేయు రెండు భాగములును ఒకేచోట నుండక, కొండలమీదుగా సుమారు 90 కిలోమీటర్ల ఏకముఖ తీగకు చెఱియొక కొనను నున్నవి. ఇట్లు మొత్తము 2,100. దీనిని 3,000గా జేయ సంకల్పించి, 2028 మార్చి నాటికి ముగింపవలెనని గడువు పెట్టుకొనిరి. ఐనను జపానుదేశము మండువేసవిలో ఒక్కసారిగా కోరు విద్యుత్తు లక్షన్నర మెగావాట్లకు మించినది. దానియెదుట 3,000 అనగా నూటికి రెండు పాళ్ళు.

ఇంత యవస్థపడుటకంటె దేశమంతట ఒక్కటే సంఖ్యను ఏల స్థాపింపరాదని చదువరులడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ఇతరులు చేసియున్నారు. 1918 నాటికి ఒక్క లండను నగరముననే పది విధముల పౌనఃపున్యములుండెను. 1926లో బ్రిటిషు పార్లమెంటు విద్యుత్సరఫరా చట్టమును జేసి, కేంద్ర విద్యుత్ మండలి నేర్పఱచి, దేశమంతటికి 50 అని నిశ్చయించెను. న్యూకాసిలు ప్రాంతమున 40 ఆవృత్తులతో విస్తారముగా పెరిగిన జాలమును గూడ మార్పించిరి. ఆ చట్టమున నాకు నచ్చినదొకటి కలదు: మార్చుకొనువారి తలపైననే వ్యయమంతయు మోపక, దేశమునందలి విద్యుత్సంస్థలన్నిటిపైనను పంచిరి. కొలత అందఱిది గనుక వెలయు అందఱిదే యను న్యాయమది. కెనడాలోని అంటారియో రాష్ట్రమున 1949 మొదలు 1959 వఱకు పదియేండ్లు శ్రమించి 25 ఆవృత్తుల విద్యుత్తును 60కి మార్చిరి. పనివారు ఇంటింటికి బోయి, శీతలపేటికల మోటార్లను, గడియారములను, కర్మాగారముల యంత్రములను మార్చియో సవరించియో యిచ్చిరి. దక్షిణ కాలిఫోర్నియాలో 50నుండి 60కి మార్పు 1948లో ముగిసినది.

ఈ మూడింటికిని ఒక పోలిక కలదు: ఇండ్లలో విద్యుద్యంత్రములు లెక్కింపదగినన్ని యున్న కాలముననే మార్చుకొనిరి. జపానునకు రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన వెంటనే అట్టి యవకాశముండెను. కాని నాడు దేశమునకు వెంటనే కావలసినది దీపమును, బొగ్గును, బియ్యమును. సంఖ్యనుగూర్చిన తగవు వెనుకకు బోయెను. ఆకలిగొన్న దేశమును అందులకు నిందింపజాలను. 2011 తరువాత లెక్కవేసి చూడగా, ఒక్కటి చేయుటకు సుమారు పదిలక్షల కోట్ల యెన్‌లు కావలెనని తేలినది. ఇంటిలోని చిన్న పరికరములు పెక్కు నేడు రెండింటికిని ఓర్చునవే. భారమంతయు జనరేటర్లది, టర్బైన్లది, ట్రాన్స్‌ఫార్మర్లది, కర్మాగారములలోని మోటార్లది. జపాను ఇప్పుడు ఏకము చేయవలెనని నేను వాదింపను. ఆ వ్యాజ్యమునకు కాలదోషము పట్టినది.

మన దేశపు ముచ్చట కొంచెము చెప్పవలెను. ఏలయన సంఖ్య యొక్కటైనంతమాత్రమున కార్యము తీఱదని మన యనుభవమే చెప్పుచున్నది. భారతదేశమంతట కాగితముమీద పౌనఃపున్యము 50. కాని 1990 ప్రాంతముల మన విద్యుజ్జాలములు అయిదు ముక్కలుగా నుండి, ఏ ముక్క అడుగు దానిదిగా నడచెడివి. దక్షిణమున కోరిక యెక్కువ, ఉత్పత్తి తక్కువ. అందుచే సంఖ్య 48 ప్రాంతమునకు దిగజారెడిది. తూర్పున మిగులు, అక్కడ 50ని దాటిపోయెడిది. నామమాత్రమున సోదరులు, నడకలో పరాయివారు. కావున సరాసరి ముడి సాధ్యముగాక, మనమును దుబాసీలనే పిలిచితిమి. 1989లో వింధ్యాచలమున పడమటిజాలమునకును ఉత్తరజాలమునకును నడుమ మొదటిది వెలసెను. తూర్పు దక్షిణముల నడుమ విశాఖపట్టణము చెంత గాజువాకలో 1999లో 500 మెగావాట్ల కేంద్రము, 2005లో దానిప్రక్క మఱొక 500 వచ్చినవి. జయపురమునుండి కొండలు దిగివచ్చు తీగ మన తెలుగునేలమీద ఏకముఖమై, మరల మాఱి, దక్షిణజాలమున బ్రవేశించెడిది. ఆ దారిని పోవువారిలో ఎందఱు దాని నెఱుగుదురు?

కాని గాజువాక యంత్రములు మన సంఖ్యను 50కి తేలేదు. తెచ్చినది ఒక ఉత్తరువు. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2000 జనవరిలో నిర్ణయించి, దక్షిణమున 2003 జనవరినుండి అమలుచేసిన ధరల పద్ధతి యది. ముందుగా జెప్పిన లెక్కకు మించి విద్యుత్తు లాగుకొనువారు, ఆ క్షణమున పౌనఃపున్యము ఎంత తక్కువగా నున్న అంత యెక్కువ వెల చెల్లింపవలెను; కొఱతవేళ అదనముగా నిచ్చువారికి ఆ యెక్కువ వెలయే దక్కును. అప్పటివఱకు ఎంత బోధించినను వినని రాష్ట్రముల విద్యుత్సంస్థలు, సంచికి తగులగానే వినినవి. నడకలు సరిపడిన పిదప, 2013 డిసెంబరు 31వ తేదీన రాయచూరు-షోలాపురముల నడుమ 765 కిలోవోల్టుల తీగతో దక్షిణజాలము తక్కిన దేశముతో ఏకమాయెను. యంత్రము కలిపినదానికంటె శాసనము కలిపినది గట్టిగానున్నది. ఇది న్యాయవాదినగుటచే చేయు పక్షపాతమని యెవరైన నన్నచో ఒప్పుకొనుటకు నాకభ్యంతరము లేదు.

దీనికొక గట్టి ఆక్షేపణ కలదు. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర, తూర్పు, ఈశాన్య జాలములు కూలి, సుమారు 62 కోట్ల జనులుండు ప్రాంతము చీకటిలో పడినప్పుడు, దక్షిణము నిలిచినది. ఏల? దక్షిణమును తక్కిన దేశముతో కలిపినవి ఏకముఖ ద్వారములే. అవి విద్యుత్తును పంపినవిగాని ప్రమాదమును పంపలేదు. కావున విడిగానుండుటయే క్షేమమని కొందఱి వాదము. వాదమున సత్యమున్నది, కాని సగము. ఆ కూలుట ఒక్కసంఖ్యగా కలిసియుండుటచే గాదు; హద్దుమీఱి లాగుకొనుటచేతను, బినా-గ్వాలియరు తీగపై దానికి మించిన బరువు పడుటచేతను జరిగినది. పైగా గోడ కట్టుటకు రెండు సంఖ్యలు అక్కరలేదు. సంఖ్య ఒక్కటే యైనను నడుమ ఏకముఖ ద్వారము నుంచుకొనవచ్చును. రాయచూరు తీగ వేసినంతమాత్రమున గాజువాకను ఊడదీయలేదు గదా! ఒకే సంఖ్య గలవారు కలిసియుండవలెనా విడిగానుండవలెనా యని యే దినమున కా దినము నిర్ణయించుకొనగలరు. రెండు సంఖ్యలు గలవారికి ఆ స్వేచ్ఛ లేదు.

ఇంతకును జపాను చేయదగినదేమి? సంఖ్యను మార్చుకొను కాలము దాటినది గనుక, మిగిలినది వాకిళ్ళను పెద్దవిచేయుట. ఆపద రానప్పుడు అవి వ్యర్థవ్యయమువలెనే కనబడును. ఏటికేడు లాభనష్టములు చూచుకొను కంపెనీలు తమంత తాము వానిని కట్టవు. సకుమా కేంద్రము 1965లో వెలసినది మొదలు 2011 వఱకు, నలువదియాఱు సంవత్సరములలో 1,000 మెగావాట్లే యగుటకు కారణమిదియే. కావున బ్రిటిషువారి 1926 చట్టమువలె ఈ వ్యయమును దేశమందలి వాడుకదార్లందఱిపైనను పంచవలెను. తూర్పువారి భూకంపము తూర్పువారిదేయని పడమటివారనరాదు, భూమి రేపెవరిక్రింద కదలునో యెవరెఱుగుదురు? క్రొత్తగా కట్టు ద్వారములు చచ్చిన జాలమును లేపగల జాతివిగా నుండవలెను. 3,000తో తృప్తిపడరాదు, నాడు టోక్యో కోల్పోయిన 20,000లో అది ఆఱవవంతునకు లోపు. హిదా మార్గము భూకంపమునకు పదియేండ్ల పిదప గాని అందిరాలేదు. కొండలలో చోటు చూచుట, ఊళ్ళవారిని ఒప్పించుట, తీగ లాగుట యనువానికి పట్టు కాలమది. మఱి మూడువేల మెగావాట్లు కావలెనన్నచో, స్థలములు వెదకుట ఇప్పుడే ఆరంభింపవలెను.